పేలని తుపాకీ చెప్పే పాఠం

ఊరి బావిలో ఈత నేర్చుకునే పిల్లవాడు ముందు నడుముకి బెండు కట్టుకుని దిగుతాడు. తాలింఖానాలో గురువు మొదట చేతికి కర్ర ఇస్తాడు గాని కత్తి ఇవ్వడు. ప్రమాదకరమైన ఏ విద్యకైనా ప్రమాదం లేని ఒక తొలిమెట్టు ఉంటుంది. తుపాకీ విద్యకు అలాంటి మెట్టు డమ్మీ తుపాకీ. దానికి ఆకారం ఉంటుంది, పట్టు ఉంటుంది, కొన్నిటికి అసలు తుపాకీ అంత బరువూ ఉంటుంది. పేలే గుణం మాత్రం ఉండదు.

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో తుపాకుల గురించి వ్యాసం ఏమిటని మీరు అనుకోవచ్చు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడినా, అగ్నివీర్ ర్యాలీ వచ్చినా, సి.ఆర్.పి.ఎఫ్. ఉద్యోగాలు పడినా తెల్లవారుజామున గ్రౌండ్‌లో పరుగు తీసేవాళ్ళలో మన హాస్టళ్ళ పిల్లలే ఎక్కువ మంది కనిపిస్తారు. 1600 మీటర్లు ఎలా పరుగెత్తాలో చెప్పే సీనియర్లు మనకున్నారు. అరిథ్‌మెటిక్ పుస్తకాలూ చేతులు మారుతుంటాయి. సెలక్షన్ అయ్యాక చేతిలో ఆయుధం పెట్టే రోజు ఏం జరుగుతుందో మాత్రం మనకు చెప్పేవారు తక్కువ. నేను డిగ్రీలో ఎన్.సి.సి. చేశాను, ఇప్పుడు ఫిజిక్స్‌లో పి.జి. చేస్తున్నాను. ఆ రెండింటి వల్ల తెలిసిన సంగతులను నాకు చేతనైనంత తేలిక మాటల్లో చెబుతాను.

తుపాకీ ఎలా పేలుతుంది?

తుపాకీలో జరిగేది ఒక గొలుసుకట్టు పని. వేలు ట్రిగ్గర్‌ను నొక్కుతుంది. స్ప్రింగు బలంతో ఫైరింగ్ పిన్ ముందుకు దూకి తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ను కొడుతుంది. ప్రైమర్ రవ్వ పుట్టిస్తుంది. ఆ రవ్వకు తూటా లోపలి మందు మండి వాయువుగా మారుతుంది. ఆ వాయువు ఒత్తిడే గుండును గొట్టంలోంచి బయటికి తోస్తుంది. ట్రిగ్గర్, పిన్, ప్రైమర్, మందు, గొట్టం అనే ఈ అయిదు లంకెల్లో ఒక్కటి తెగినా తుపాకీ పేలదు.

డమ్మీ తయారీ అంటే ఈ గొలుసును తెంపడమే. ఎక్కడ తెంపారు అన్నదాన్ని బట్టి రకాలు ఏర్పడతాయి.

డమ్మీలలో రకాలు

మొదటి రకం ముద్ద నమూనా. రబ్బరుతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో ఒకే ముక్కగా పోతపోస్తారు. కదిలే భాగం ఒక్కటీ ఉండదు. అమెరికాలో రింగ్స్ అనే కంపెనీ నీలం రంగులోను, ఎ.ఎస్.పి. అనే కంపెనీ ఎరుపు రంగులోను చేసే నమూనాలు అక్కడి పోలీసు శిక్షణలో బాగా వాడుకలో ఉన్నాయి. ఒరలోంచి తీయడం, తిరిగి పెట్టడం, పెనుగులాటలో ఎదుటివాడి చేతిలోని పిస్తోలు లాక్కోవడం వంటివి వీటితో నేర్పుతారు.

రెండో రకం ఒకప్పటి నిజమైన తుపాకీని పనికిరాకుండా చేసినది. ఎన్.సి.సి.లో చేరినవాళ్ళకు డి.పి. రైఫిల్ తెలిసే ఉంటుంది. డి.పి. అంటే డ్రిల్ పర్పస్, కవాతు కోసం మాత్రమే అని అర్థం. పాత .303 రైఫిళ్ళ తూటా అరకు రంధ్రం చేసి, పిన్ను పనికిరాకుండా చేసి, డి.పి. అన్న గుర్తు వేస్తారు. బరువు మాత్రం తగ్గదు. దాదాపు నాలుగు కిలోలు. జూలై ఎండలో గంటసేపు భుజాన మోసినవాళ్ళకు ఆ నాలుగు కిలోలు ఎంతో తెలుస్తుంది. 1948లో ఎన్.సి.సి. ఏర్పడినప్పటి నుంచి లక్షలాది మంది పిల్లలు ఆయుధాన్ని పట్టుకునే క్రమశిక్షణను ఇలా కవాతులోనే నేర్చుకున్నారు. నిజంగా కాల్చడానికి .22 రైఫిల్ ఇస్తారు. అదీ రేంజ్‌లో, అధికారి పక్కన ఉన్నప్పుడే.

మూడో రకంలో తుపాకీ నిజమైనదే, తూటా డమ్మీది. అందులో మందు ఉండదు, పనిచేసే ప్రైమర్ ఉండదు. తూటా నింపడం, తీయడం, ఇరుక్కుంటే సరిచేయడం దీనితో నేర్పుతారు. నిజం తూటా కాదని తెలియడానికి కొన్నిటికి పక్కన రంధ్రం పెడతారు. సినిమాల వాళ్ళు వాడేవాటిలో కొన్నిటి లోపల చిన్న గోలీ వేస్తారు. చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. ఈ చిన్న పరీక్ష విలువ ఎంతో 2021 అక్టోబరు 21న లోకానికంతా తెలిసింది. అమెరికాలోని న్యూ మెక్సికోలో 'రస్ట్' అనే సినిమా షూటింగులో డమ్మీ తూటాల మధ్య నిజం తూటా కలిసిపోయింది. రిహార్సల్‌లో ఆ రివాల్వర్ పేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయారు. ఆయుధాల బాధ్యత చూసిన ఉద్యోగినికి 2024లో పద్దెనిమిది నెలల జైలు శిక్ష పడింది.

నాలుగో రకం లేజర్ పిస్తోలు, సిమ్యులేటర్. ట్రిగ్గర్ నొక్కితే గుండుకు బదులు కాంతి వెళ్ళి తెర మీద పడుతుంది. గురి ఎక్కడ తప్పిందో కంప్యూటర్ చూపిస్తుంది. 1993లో మొదలైన హైదరాబాదు కంపెనీ జెన్ టెక్నాలజీస్ ఇలాంటి శిక్షణ యంత్రాలను తయారుచేస్తోంది.

వీటిలో కలపకూడనివి రెండున్నాయి. ఒకటి బ్లాంక్ తూటా. గుండు ఉండదు గాని మందు ఉంటుంది, మంట వస్తుంది. దగ్గర నుంచి పేలిస్తే ప్రాణమూ పోవచ్చు. రెండోది రంగు తూటా. తగిలిన చోట రంగు అంటుకునేలా చేసిన తేలికపాటి తూటా ఇది. ముఖానికి రక్షణ లేకుండా దీనితో అభ్యాసం చేయకూడదు. ఇవి శిక్షణ ఆయుధాలే గాని పేలని ఆయుధాలు కావు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ అవసరం వస్తుంది.

ఏం నేర్పుతుంది? ఏం నేర్పదు?

సైకిల్ తొక్కడం వచ్చినవాడు పెడల్ గురించి ఆలోచించడు. కాళ్ళే చూసుకుంటాయి. ఆయుధం విషయంలోనూ చేతికి ఆ అలవాటు రావాలి. పట్టు సరిగా ఉందా, గొట్టం ఎటు చూస్తోంది, వేలు ట్రిగ్గర్ మీద ఉందా పక్కన ఉందా అన్నవి భయంలో, చీకట్లో, పరుగులో కూడా తప్పకూడదు. అందుకు వందలసార్లు, వేలసార్లు చేయాలి. నిజం తుపాకీతో అన్నిసార్లు చేస్తే ఖర్చు ఎక్కువ, ప్రమాదం అంతకంటే ఎక్కువ. డమ్మీతో అయితే చెయ్యి నొప్పి పుట్టేదాకా చేయవచ్చు.

నేర్పలేనిది ఎదురుదెబ్బ. ఇక్కడ మనం బడిలో చదివిన భౌతికశాస్త్రం పనికొస్తుంది. 9 ఎం.ఎం. పిస్తోలు గుండు బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. ద్రవ్యవేగం 0.008 × 350, అంటే 2.8. తూటాలు నింపిన పిస్తోలు బరువు 0.9 కిలో అనుకుంటే అది సెకనుకు దాదాపు 3 మీటర్ల వేగంతో వెనక్కి తన్నాలి. వాయువుల తోపు కలిస్తే ఇంకొంచెం ఎక్కువే. ఆ తన్నుకు, శబ్దానికి జడిసి కొత్తవాడు పేలడానికి ముందే చేతిని కిందికి వంచేస్తాడు. ఈ లోపాన్ని పట్టడానికి రేంజ్‌లో ఒక ఉపాయం చేస్తారు. నిజం తూటాల మధ్య, కాల్చేవాడికి తెలియకుండా ఒక డమ్మీ తూటా పెడతారు. అది పేలదు, కానీ గొట్టం ముక్కు కిందికి వంగడం అందరికీ కనిపిస్తుంది. నిజమూ డమ్మీ ఇలా కలిపి వాడేది రేంజ్‌లోనే, గొట్టం బట్ వైపు ఉన్నప్పుడే.

మూడు ప్రమాదాలు

డమ్మీలు ఉన్నా మనుషులు పోయిన సంఘటనలు ఉన్నాయి. డమ్మీ తుపాకీలు, శిక్షణ తుపాకీలు ఎక్కువగా వాడే అమెరికాలో జరిగిన మూడింటిని చూద్దాం.

2013 ఫిబ్రవరి 12న మేరీల్యాండ్ రాష్ట్రంలో బాల్టిమోర్ పోలీసు శిక్షణ ఒక మూతపడిన ఆసుపత్రి ఆవరణలో జరుగుతోంది. శిక్షకుడి దగ్గర రంగు తూటాల పిస్తోలుతో పాటు తన సర్వీసు పిస్తోలు కూడా ఉంది. ఒకటి అనుకుని ఇంకొకటి తీసి కాల్చాడు. విశ్వవిద్యాలయ పోలీసు ఉద్యోగానికి శిక్షణ పొందుతున్న యువకుడికి తలలో గుండు దిగింది. ప్రాణం దక్కింది గాని కన్ను పోయింది, మెదడు దెబ్బతింది.

2016 ఆగస్టు 9న ఫ్లోరిడాలోని పంటా గోర్డా పట్టణంలో పోలీసులు ప్రజలకు అవగాహన కార్యక్రమం పెట్టారు. ఎప్పుడు కాల్చాలి, ఎప్పుడు కాల్చకూడదు అన్న అంశం మీద చిన్న నాటకంలాంటి ప్రదర్శన. అధికారి చేతిలోని రివాల్వర్‌లో బ్లాంక్ తూటాలు ఉన్నాయనుకున్నారు. ఉన్నవి నిజం తూటాలు. ప్రదర్శనలో పాల్గొన్న డెబ్బై మూడేళ్ళ విశ్రాంత లైబ్రేరియన్ ఆ రోజే చనిపోయారు.

2022 ఆగస్టు 4న వాషింగ్టన్ నగరంలోని ఒక లైబ్రరీలో కాపలా సిబ్బందికి శిక్షణ. అదీ లాఠీ వాడకం గురించి. తుపాకీతో పనే లేదు. శిక్షకుడు విశ్రాంత పోలీసు అధికారి. శిక్షణ అయిపోయి గ్రూప్ ఫోటో దిగే వేళ సరదాకు డమ్మీ తీస్తున్నాననుకుని నిజం పిస్తోలు తీసి పేల్చాడు. ఇరవై అయిదేళ్ళ యువతి, ఒక బిడ్డ తల్లి, ప్రాణం విడిచింది. ఆ తర్వాత అతను కోర్టులో నేరం ఒప్పుకుని జైలుకు వెళ్ళాడు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పేల్చిన వాళ్ళలో ఒక్కరూ కొత్తవాళ్ళు కారు, శిక్షణ పొందుతున్నవాళ్ళు కారు. నేర్పేవాళ్ళు, చూపించేవాళ్ళు. దెబ్బ తిన్నవాళ్ళందరూ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు. ఈ ఒక్క సంగతి కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నాను. ప్రమాదం డమ్మీలో లేదు. డమ్మీ ఉన్న గదిలోకి నిజమైనదాన్ని తెచ్చిన పెద్దమనిషిని ఎవరూ తనిఖీ చేయకపోవడంలో ఉంది.

రంగు ఒక్కటే కాపాడదు

డమ్మీకి వేరే రంగు వేస్తే సరిపోదా అని అడగవచ్చు. రంగు అవసరమే, చాలదు. ముందు చెప్పిన అమెరికా కంపెనీ నీలం పిస్తోలు ప్లాస్టిక్ ముద్ద. ఆస్ట్రియా దేశపు గ్లాక్ కంపెనీ కూడా నీలం పిస్తోలు చేస్తుంది, 17టి అని పేరు. అది రంగు తూటాలను నిజంగానే పేలుస్తుంది. ఆ కంపెనీ లెక్కలో పేలని అభ్యాస పిస్తోలు ఎర్రనిది. అంటే ఒకచోట నీలం అంటే పేలనిది, ఇంకోచోట నీలం అంటే పేలేది. రంగును నమ్మే ముందు ఆ శిక్షణ కేంద్రంలో ఏ రంగుకు ఏమర్థమో తెలుసుకోవాలి.

ఇంకో సంగతి. కంగారులో కన్ను రంగును చూడదు, చెయ్యి అలవాటునే చూస్తుంది. 2021 ఏప్రిల్ 11న మినెసోటాలోని బ్రూక్లిన్ సెంటర్‌లో ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్న పోలీసు అధికారిణి విద్యుత్ షాక్ ఇచ్చే టేజర్ తీశాననుకుని పిస్తోలుతో కాల్చింది. టేజర్ పసుపు రంగుది, నడుముకు ఎడమ వైపున ఉంది. పిస్తోలు నల్లనిది, కుడి వైపున ఉంది. అయినా చెయ్యి పొరపడింది. డాంటే రైట్ అనే ఇరవై ఏళ్ళ యువకుడు చనిపోయాడు.

మంచి శిక్షణలో పాటించే పద్ధతి

అందుకే డమ్మీతో శిక్షణ మొదలుపెట్టే ముందు గదిని 'ఖాళీ' చేస్తారు. ఆ పద్ధతి ఇలా ఉంటుంది.

1. నిజం ఆయుధాలు, తూటాలు, కత్తులు అన్నీ గది బయటే అప్పగించాలి. శిక్షకుడు, చూడటానికి వచ్చిన అధికారి, ఫోటోగ్రాఫర్, డ్రైవర్, ఎవరికీ మినహాయింపు లేదు.

2. ఎవరిని వారు తనిఖీ చేసుకుంటే సరిపోదు. ఒకరిని ఇంకొకరు చూడాలి. తూటా అరను కంటితో చూడాలి, వేలితోనూ తడిమి చూడాలి.

3. రాకపోకలకు ఒకే ద్వారం ఉండాలి. టీ తాగడానికి బయటికి వెళ్ళివచ్చినవాణ్ణి మొదటిసారి వచ్చినవాడిలాగే మళ్ళీ తనిఖీ చేయాలి.

4. భద్రత చూసే మనిషికి ఇంకో పని చెప్పకూడదు. ఆపమని అతను అంటే అందరూ ఆగాలి, పై అధికారి అయినా సరే.

5. డమ్మీని కూడా నిజమైనదానిలాగే పట్టుకోవాలి. అభ్యాసం కోరిన చోట తప్ప మనిషి వైపు చూపకూడదు. వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి.

6. పిస్తోలు లాక్కునే అభ్యాసంలో, లాక్కున్నదాన్ని వెంటనే మర్యాదగా తిరిగి ఎదుటివాడి చేతికి ఇవ్వకూడదు. శిక్షణలో చేతికి ఏది అలవాటైతే వీధిలో అదే చేస్తుంది. కాబట్టి వెనక్కి జరగాలి, అభ్యాసం ముగిసిందన్న మాట విన్నాకే కింద పెట్టాలి.

7. ముగిశాక డమ్మీలు లెక్కపెట్టి పెట్టెలో వేసేదాకా వేళాకోళం కూడదు.

తుపాకీ శిక్షణకు పేరుపడ్డ అమెరికా సైనికుడు జెఫ్ కూపర్ ప్రచారం చేసిన సూత్రాల్లో మొదటిదాని భావం ఏమిటంటే, ఏ తుపాకీ అయినా నిండుగా ఉందనే అనుకోవాలి. డమ్మీకి ఈ సూత్రం వర్తించదని అనుకున్నప్పుడే అలవాటు చెడుతుంది.

అడగడం అవిధేయత కాదు

ఇప్పుడు మన విషయానికి వస్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మా నాన్న ఏ కాగితం ముందుపెట్టినా 'సార్ చెప్పాడు కదా' అని వేలిముద్ర వేసేవాడు. అందులో ఏముందని అడిగితే సార్‌కు కోపం వస్తుందని భయం. ఆ భయం మనకు పుట్టుకతోనే వస్తుంది. హాస్టల్లో భోజనం గురించి ఒక మాట అడగాలన్నా నలుగురం కూడబలుక్కుని, ఒకణ్ణి ముందుకు తోసి, వెనక నిలబడతాం. శిక్షణ కేంద్రంలో భుజాన నక్షత్రాలున్న మనిషి ఎదుట ఈ భయం పదింతలు అవుతుంది. కానీ పైన చెప్పిన మూడు ప్రమాదాల్లోనూ కావలసింది ఒక చిన్న ప్రశ్న. 'సార్, అది ఖాళీయేనా, ఒకసారి చూపిస్తారా?'

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. ఎన్.సి.సి.లో ఆయుధ శిక్షణ జాంచ్ శస్త్ర్ అన్న ఆజ్ఞతోనే మొదలవుతుంది. కేడెట్ బోల్ట్ తెరిచి చూపిస్తాడు, అధికారి వంగి చూస్తాడు. నన్ను అనుమానించారని ఏ కేడెట్టూ బాధపడడు. పద్ధతి అది. అదే పద్ధతి పైనున్నవాళ్ళకూ వర్తించాలి. మంచి శిక్షకుడు అడగకముందే తన పిస్తోలు తెరిచి చూపిస్తాడు. అలా చూపించే సార్ మీద గౌరవం పెరుగుతుంది గాని తగ్గదు.

గొంతు పెంచనక్కరలేదు, వాదించనక్కరలేదు. చెయ్యి ఎత్తి, సావధాన్‌లో నిలబడి, 'సార్' అని మొదలుపెట్టి అడగండి. మహా అయితే ఒక కసురు పడుతుంది. కసురు మనకు కొత్తకాదు. తూటాకు మాత్రం రెండో అవకాశం ఉండదు.

శిక్షణ గది బయట

చివరగా ఉద్యోగం సంగతి పక్కనపెట్టి, మనలో చిన్నవాళ్ళకు ఒక మాట. ఈమధ్య డమ్మీ పిస్తోలు పట్టుకుని రీల్స్ తీయడం ఒక సరదా అయింది. డమ్మీ అని తెలిసేది పట్టుకున్నవాడికే, ఎదుటివాడికి కాదు. అమెరికాలో బొమ్మ తుపాకులకు ముక్కు దగ్గర నారింజ రంగు గుర్తు ఉండాలని 1988లో చట్టమే చేశారు. 2014 నవంబరు 22న క్లీవ్‌లాండ్ నగరంలోని ఒక పార్కులో పన్నెండేళ్ళ తమీర్ రైస్ ఆ గుర్తు ఊడిపోయిన బొమ్మ పిస్తోలుతో ఉన్నాడు. ఎవరో ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు. కారు ఆగిన రెండు సెకన్ల లోపే కాల్చారు. మర్నాడు ఆ పిల్లవాడు చనిపోయాడు. ఫోన్ చేసిన మనిషి అది బొమ్మదే కావచ్చని కూడా చెప్పాడు. ఆ మాట కారులో ఉన్న పోలీసులకు చేరలేదు.

శిక్షణ గదిలో డమ్మీ ప్రాణాలు కాపాడుతుంది. అక్కడ అందరికీ అది డమ్మీ అని తెలుసు, తెలిసేలా ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటు లేని బజారులో, బస్టాండులో, హాస్టల్ గేటు దగ్గర అదే వస్తువు ప్రమాదం తెస్తుంది. కాబట్టి సరదాకు కూడా దాన్ని బయటికి తీయకండి.

ఈ ఏడాది ఫిజికల్ టెస్టులకు సిద్ధమవుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా శుభాకాంక్షలు. పరుగు బాగా తీయండి, పరీక్ష బాగా రాయండి. ఆయుధం చేతికి వచ్చిన రోజున మాత్రం ముందు తెరిచి చూడండి, పక్కవాడికి చూపించండి, ఎదుటివాణ్ణి చూపించమని అడగండి.

- హాస్టల్ పూర్వ విద్యార్థి,
ఎం.ఎస్సీ. (ఫిజిక్స్) ద్వితీయ సంవత్సరం